సుడి పెట్టె మీద కాలు పెట్టరాదు

మొన్నొక మధ్యాహ్నం మా అక్క మనవరాలు ల్యాప్‌టాప్ చంకన పెట్టుకొని మా ఇంటికి వచ్చింది. ఆ పిల్ల ఇంజనీరింగ్ చదువుతోందని మేమంతా అనుకుంటున్నాం గానీ, చదివేది తక్కువ, పాటలు కట్టేది ఎక్కువ. అన్నం తిని, వక్కపలుకు నోట్లో వేసుకొని మంచం మీద వాలానో లేదో పక్కన చేరి, నా చెవుల్లో తీగలు గుచ్చి, “చిన్నవ్వా, ఈ డ్రమ్స్ విను” అంది. విన్నాను. మామూలు డ్రమ్ములే. “ఇప్పుడు విను” అని తెర మీద ఏదో నొక్కింది. అంతే, ఆ డ్రమ్ములు నీళ్లలో పడి మెల్లగా తిరగడం మొదలుపెట్టాయి. ఇత్తడి పళ్లేల చప్పుడు దూరంగా పోయి, మళ్లీ దగ్గరకు వచ్చి, చెవి పక్కనుంచి జారి తల వెనక్కి పోయింది. నేను లేచి కూర్చున్నాను. తెర మీద అరచేయంత రేకు పెట్టె బొమ్మ ఉంది, దానికి రేడియో నాబుల్లాంటివి రెండు. “దీన్ని పెడల్ అంటారు చిన్నవ్వా. పాతకాలంలో నిజం పెట్టె ఉండేదంట, కాలితో తొక్కేవాళ్లంట” అని నాకు పాఠం చెప్పబోయింది. “మేం తొక్కలేదులే” అన్నాను. ఆ పిల్ల తెరిచిన నోరు మూయలేదు. ఈ చిన్నవ్వ పప్పుకు పోపు పెట్టడం తప్ప మరే నాబూ తిప్పి ఉండదని దాని నమ్మకం. ఆ రోజు దానికి సగమే చెప్పాను, ఎందుకంటే మిగతా సగం వాళ్ల అవ్వా తాతలది.

మా చిన్నాయన, అంటే మా నాయన తమ్ముడు, డెబ్బైలలో నంద్యాలలో మైకుసెట్టు అద్దెకిచ్చేవాడు. పెళ్లికైనా, సభకైనా, ఎవరి పార్టీ ఊరేగింపుకైనా ఆయన హారన్లే మోగేవి. ఎనభైలు వచ్చేసరికి ఇంటింటికీ క్యాసెట్లు వచ్చాయి. ఊళ్లో ఎవరికి నాలుగు పద్యాలు వచ్చినా వాటిని క్యాసెట్టు చేయించుకోవాలని కోరిక పుట్టింది. చిన్నాయన ఒక నూనె మిల్లు పక్కనున్న పాత శనక్కాయల గోడౌను తీసుకొని, మధ్యలో చెక్క గోడ కట్టించి, దానికొక అద్దాల కిటికీ పెట్టించి, రికార్డింగు గది అన్నాడు. చప్పుడు గోడలకు తగిలి తిరిగి రాకుండా చుట్టాల ఇళ్లన్నీ తిరిగి పాత బొంతలు పోగేసుకొచ్చి గోడల నిండా మేకులు కొట్టి వేలాడదీశాడు. అందులో మా అవ్వ బొంత కూడా ఉండేది, ఆమె చనిపోయేదాకా దాన్ని తిరిగి ఇమ్మని అడుగుతూనే ఉంది. ఎన్ని బొంతలు కట్టినా పక్క మిల్లు మోత మాత్రం ఆగేది కాదు. మిల్లు కూలీలు అన్నాలకు పోయే వేళ, పన్నెండున్నర నుంచి రెండు దాకా, మర ఆగేది. మా పని అప్పుడే. ఆ రోజుల్లో నంద్యాలలో రికార్డయిన భక్తి అంతా ఖాళీ కడుపుతో, ఆ గంటన్నరలో పాడిందే. ఫ్యాను తిప్పితే దాని గాలి మైకులో పడుతుందని అదీ ఆపేసేవాళ్లం. పై పెంకుల సందుల్లోంచి ఎండ కడ్డీలుగా దిగి, అందులో శనక్కాయల పొట్టు ఇంకా తేలుతూ ఉండేది. ఆ ఎండలో, ఆ ఉక్కలో, బొంతల వాసనలో అందరికీ కాస్త మగతగా ఉండేది. ఇప్పుడు తలచుకుంటే ఆ గదిలో జరిగినవన్నీ నేను కలలో చూశానేమో అనిపిస్తుంది.

అక్కడ మిషను నడిపేదాన్ని నేను. బీయెస్సీ అయింది, ఉద్యోగం రాలేదు, వచ్చిన సంబంధాలు నా నోరు విని వెనక్కి పోయాయి. ఇంట్లో కూర్చుంటే అమ్మకు కంట్లో నలుసు, అందుకని చిన్నాయన దగ్గరికి పోయేదాన్ని. టంకం వేయడం, తీగలు కలపడం, రీలు ఎక్కించడం నెల రోజుల్లో వచ్చేశాయి. “మా పాప చెయ్యి పడితే మిషను మాటింటాది” అని చిన్నాయన వచ్చినవాళ్లందరికీ చెప్పుకొనేవాడు. మాట వినేది మిషనొక్కటే అని అమ్మ అనేది.

డ్రమ్ములు వాయించేది మా బావ, అంటే మా అక్క మొగుడు. వాళ్లది ఆళ్లగడ్డలో శిల్పుల ఇళ్లున్న వీధి. తెల్లవారితే చాలు, ఆ వీధంతా ఉలి మీద సుత్తి దెబ్బలే. ఒక కొట్టంలో నంది, ఇంకో కొట్టంలో ఆంజనేయుడు, ఎవరిదో సగం చెక్కిన చెయ్యి. బావ పదేళ్లప్పటి నుంచీ ఉలి పట్టినవాడు. చేతికి తాళం ఎట్లా వచ్చిందో గానీ, ఊళ్లోని ఆర్కెస్ట్రాలో చేరి డ్రమ్ముల ముందు కూర్చుంటే, నల్లరాయి చెక్కే చేతులు అవేనా అనిపించేది. అంత మెత్తగా కొట్టేవాడు. ఆర్కెస్ట్రా రికార్డింగు ఉన్న రోజు పొద్దున సగం పని చేసి బస్సెక్కి వచ్చేవాడు. తల నిండా రాతిపొడి ఉండేది. డ్రమ్ము మీద మొదటి దెబ్బ వేయగానే ఆ పొడి రాలి ఎండలో మెరిసేది.

ఇక ఆ పెట్టె సంగతి. దాన్ని మద్రాసు నుంచి తెచ్చింది ఆర్కెస్ట్రాలో గిటారు వాయించే పిల్లగాడు. పచ్చరంగు రేకు పెట్టె. గిటారు తీగ దాంట్లోంచి పోయి, చప్పుళ్లన్నీ కలిపే మిక్సరుకు వస్తుంది. లోపల ట్రాన్సిస్టరు రేడియోలో వేసే చదరపు బ్యాటరీ. ఒకే చప్పుడును రెండు పాయలు చేసి, ఒక పాయను కాస్త అటూ ఇటూ జరిపి, మళ్లీ రెండూ కలుపుతుందని అతను నాకు చెప్పాడు. కలిసినచోట కొంత చప్పుడు పెరుగుతుంది, కొంత పోతుంది, ఆ పెరిగేదీ పోయేదీ నిలకడగా ఉండక తిరుగుతూ ఉంటుంది. ఒక నాబు తిప్పితే ఎంత వేగంగా తిరగాలో, ఇంకో నాబు తిప్పితే ఎంత లోతుగా తిరగాలో చెప్పవచ్చు. మేం దాన్ని సుడి పెట్టె అన్నాం. ఆ పిల్లగాడు దాన్ని నేల మీద పెట్టి, చెప్పుకాలితో టక్కున తొక్కాడు. చిన్నాయన చేతిలో టీ గ్లాసు కింద పెట్టేశాడు. “ఏందిరా అది! సరస్వతమ్మ మీద కాలు పెడతాండావా? యాడ నేర్చుకున్నావురా ఈ సదువు?” అని గద్దించాడు. తొక్కడానికే చేశారు మామా అని అతను మొత్తుకున్నా వినలేదు. పెట్టెను కడిగినంత పని చేసి తుడిచి, స్టూలు మీద గుడ్డ పరిచి పెట్టి, బొట్టు పెట్టాడు. బావ పెద్ద డ్రమ్మును కాలితోనే కదా కొడుతున్నాడు, దానికేమంటావని నేనడిగాను. “దానికీ కాలికీ మధ్యన బెత్తముండాది. తగలదు” అన్నాడు చిన్నాయన. ఆయన దగ్గర దేనికైనా జవాబుండేది.

గిటారు వాయించేవాడికి రెండు చేతులూ గిటారు మీదే ఉంటాయి. స్టూలు మీది పెట్టెను ఎట్లా నొక్కుతాడు? అందుకని ఆ నొక్కే పని నాకు పడింది. అతను కనుసైగ చేస్తే నేను నొక్కాలి. నాలుగు రోజులు చూసి, తొక్కలేని పెట్టె నాకెందుకని విసుక్కొని, పెట్టెను అక్కడే వదిలేసి అతను రావడమే మానేశాడు. అతను పోయాక ఒక రోజు ఏం జరిగిందంటే, అన్ని తీగలూ నల్లవే కావడం వల్ల నేను పొరబాటున డ్రమ్ముల పైన వేలాడే మైకు తీగను సుడి పెట్టెలో గుచ్చాను. బావ చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకొని వాయిస్తున్నాడు. నాలుగు దెబ్బలు పడ్డాయి. గది నేల మీద లేనట్టు, బొంతలు గాలికి ఊగుతున్నట్టు అనిపించింది. డ్రమ్ముల దెబ్బలు గట్టిగానే ఉన్నాయి, కానీ వాటి చుట్టూ ఏదో తిరుగుతోంది. సింబల్స్ అనే ఆ ఇత్తడి పళ్లేలైతే కొట్టిన దెబ్బకు చావకుండా పైకి లేచి, కిందికి దిగి, మెల్లగా తిరిగి తిరిగి ఆరిపోతున్నాయి. తప్పు తెలిసి తీగ పీకబోయాను. అద్దం వెనక బావ రెండు చేతులూ పైకెత్తి, “పీకొద్దు! పీకొద్దు పాపా! ఏం చేసినావో అట్లే ఉండనీ” అని అరిచాడు. ఆయన కళ్లలో నీళ్లున్నాయి. పాట బాగుందని ఎవరైనా అంతగా ఏడుస్తారా అని నాకు అనుమానం వచ్చింది.

అప్పటి నుంచీ బావ ఆ పెట్టె లేకుండా వాయించేవాడు కాదు. కాలితో టక్కున తొక్కే పెట్టె అయితే ఒకసారి మొదలుపెట్టాక అది తన మానాన తాను తిరుగుతూ ఉండేదేమో. మాది స్టూలు మీద ఉండేది, నా రెండు చేతులూ ఖాళీ. పాట నడుస్తుండగానే వేగం నాబును సన్నగా తిప్పేదాన్ని. పల్లవిలో సుడి మెల్లగా, చరణం చివర కాస్త తొందరగా, ఆలాపన దగ్గర ఉందో లేదో తెలియనంతగా. బావ అద్దంలోంచి నా వేళ్లనే చూస్తూ వాయించేవాడు. మధ్యాహ్నపు ఎండ డ్రమ్ముల మీద నుంచి గోడ మీదికి జరిగేది, మేమిద్దరం ఎటో తేలిపోయేవాళ్లం. టేపు మీద ఎక్కిన సుడి ఎక్కినట్టే, తరువాత తీసేయడానికి వీలుండదు. అందుకే ఒక్కో నాబు తిప్పడానికీ ఊపిరి బిగపట్టేదాన్ని. జీవితంలో నేను ఏదైనా వాయిద్యం వాయించానంటే అదొక్కటే.

నా అనుమానం మాత్రం పోలేదు. ఒక రోజు ఆయన వెనగ్గా పోయి ఒక పళ్లెం అంచును చిన్న పుల్లతో కొట్టాను. తిరగలేదు. ఇంకోసారి కొట్టాను. ఊహూ. అదే వాకిట్లో ఎవరో మూట దించితే ఆ ధబ్బుమన్న చప్పుడుకు తల తిప్పాడు. నేను మనసులో పెట్టుకొనే మనిషిని కాదు, ఎదురుగా పోయి, “బావా, నీకు వినపడతాండాదా లేదా?” అని అడిగేశాను. సుత్తి పట్టి కాయలు కాసిన అరచేతులు చూసుకున్నాడు. “లావు చప్పుళ్లు వినపడతాండాయి. నీది మగరాయుడి గొంతు, బాగ వినపడతాండాది. సన్నవి పోయినాయి. పిట్టలు పోయినాయి, బస్సు విజిలు పోయింది, ఈ పళ్లేలు పోయినాయి. ఈ పెట్టెలోంచి వస్తే మాత్రం ఏదో ఒక మలుపులో దొరుకుతాండాయి పాపా” అన్నాడు. చిన్నప్పటి నుంచీ చెవి పక్కనే ఉలి మోత. మరి అక్కకు చెప్పావా అన్నాను. తల అడ్డంగా ఊపాడు. “అన్నిటికన్నా ముందు మీ అక్క గొంతే పోయింది.”

మా అక్క గొంతు సంగతి మీకు తెలియదు. ఆమె వంటింట్లో నుంచి పిలిస్తే మూడో వీధిలో కుక్కలు లేచి నిలబడేవి. సన్నటి, కోసుకుపోయే గొంతు. చిన్నప్పుడు ఆ గొంతును ఎంత వెక్కిరించానో లెక్కలేదు. ఆ గొంతు లోకమంతా వింటుంటే, పక్కన పడుకున్న మనిషి ఒక్కడికే వినిపించడం లేదు. చెప్తే ఏం పోతుందని బావతో పోట్లాడాను. “చెప్తే అది జాలిపడి మాట్లాడేది మానేస్తాది. ఇప్పుడు కోపంగానన్నా మాట్లాడతాండాది. దాని పెదాలు చూస్తాంటా” అన్నాడు. చెప్పనని నా చేత ఒట్టు వేయించుకున్నాడు. అటు అక్క ఏమనుకుంటోంది? పిలిస్తే పలకడు, అడిగితే తల ఊపి పోతాడు, నంద్యాలకు మాత్రం పరిగెత్తుకుంటూ పోతాడు. వచ్చినప్పుడల్లా అమ్మ దగ్గర ఏడ్చేది. ఒకసారి నన్నే పట్టుకొని, “నీతో అయితే గంటలు గంటలు మాట్లాడతాడంట. నాతో ఏం పోయేకాలమొచ్చిందంటా?” అంది. తోడబుట్టినదాని నోట ఆ మాట వినడం కంటే రెండు చెంపదెబ్బలు తినడం నయం. నా గొంతు లావు గనక వినిపిస్తుందే, అంతేనే పిచ్చిదానా అని చెప్పలేక నాలుక కొరుక్కున్నాను. కాపురం నా కళ్లముందే చీలిపోతోంది, నా నోటికి తాళం.

ఆ పరిస్థితిలో చిన్నాయన ఆర్కెస్ట్రావాళ్ల భజన పాటల క్యాసెట్టు ఒకటి ఒప్పుకున్నాడు. అహోబిలం తిరునాళ్లకు అంగళ్లలో పెట్టాలని ఆయన ఆశ. సుడి పెట్టె రెండు పాటలకే చాలు, మిగతావి మామూలుగా ఉండాలని ముందే చెప్పాడు. ఇంతలో దసరా వచ్చింది. ఆయుధ పూజ నాడు మిషన్లన్నిటికీ పసుపు, కుంకుమ పెట్టడం మా ఆనవాయితీ. పెద్ద మిషన్లకు బొట్టు బొట్టుగా పెట్టిన చిన్నాయన, సుడి పెట్టె దగ్గరికి వచ్చేసరికి, పాపం చెప్పుకాలి తొక్కుడు తిన్నదని ప్రేమ పొంగి, దోసిటితో పసుపుముద్ద మెత్తాడు. మర్నాటికి ఆ ముద్ద నొక్కే బటను చుట్టూ దిగి గట్టిపడి, సుడి ఆగకుండా నిలిచిపోయింది. నొక్కినా, తట్టినా, బతిమాలినా ఆగదు. తీగను ఆ పెట్టెలోంచి తీసి నేరుగా మిక్సరులో గుచ్చితే సరిపోయేది, లేదా అగ్గిపుల్లకు కిరసనాయిలు అద్ది గీకితే బటనైనా వదిలేది. నాకు రెండూ తెలుసు. నేను ఏదీ చేయలేదు. చిన్నాయన ఊళ్లో మైకుల పనిమీద తిరుగుతున్న పదిరోజుల్లో, ఎనిమిది పాటలకు ఎనిమిదీ సుడిలోనే ఎక్కించేశాను. అంత సంతోషంగా బావ వాయించడం నేను మళ్లీ చూడలేదు.

చిన్నాయనకు ఒకసారి వినే తీరిక కూడా లేకుండానే క్యాసెట్లు అంగళ్లకు పోయాయి. వారం తిరగకుండా వెనక్కి రావడం మొదలయింది. “టేపు సాగిపోయిందన్నా” అని ఒకడు, “మీ క్యాసెట్టు వేస్తే మా మిషను పాడయింది” అని ఇంకొకడు. జనానికి టేపు సాగితే ఎట్లా వినిపిస్తుందో తెలుసు, చప్పుడు ఊగుతుంది. ఊగే చప్పుడు వినగానే తమ మిషన్లనే అనుమానించారు. ఆళ్లగడ్డ బస్టాండు దగ్గరి హోటలాయన టేప్‌రికార్డరుకు మూడుసార్లు బెల్టు మార్పించాడట. ఒక బస్సు డ్రైవరు మిషను విప్పించి స్పిరిటుతో కడిగించాడట. రిపేరు చేసేవాడు మాత్రం ఎదురైతే చిన్నాయనకు నమస్కారం పెట్టేవాడు. మాకు నవ్వొచ్చింది గానీ చిన్నాయనకు రాలేదు. పదిహేనేళ్లు మైకు పట్టిన చేతికి మొదటిసారి చెడ్డమాట వచ్చింది. “మళ్లా తియ్యాలా. పెట్టె లేకుండా తియ్యాలా. కుదరదంటే ఇంకో డ్రమ్మరును పిలుస్తా” అని తేల్చేశాడు.

మళ్లీ తీసే రోజు పన్నెండున్నరకు మిల్లు ఆగింది. బావ అద్దం వెనక కూర్చున్నాడు. చిన్నాయన దగ్గరుండి నా చేత తీగ తీయించి, నేరుగా మిక్సరుకు పెట్టించాడు. బావ రెండు దెబ్బలు వేశాడు, పళ్లేన్ని కొట్టి చూశాడు, మళ్లీ కొట్టాడు. కట్టెలు ఒళ్లో పెట్టుకున్నాడు. “పెట్టె పెట్టు పాపా” అన్నాడు. చిన్నాయన, అద్దం అవతలివాళ్లతో మాట్లాడే మైకు అందుకొని, “పెట్టె లేదు గిట్టె లేదు. వాయిస్తావా వాయించవా?” అన్నాడు. “అట్లయితే నాతో కాదు మామా” అని బావ హెడ్‌ఫోన్లు తీయకుండానే వంగి, డ్రమ్ము మరలు విప్పడం మొదలుపెట్టాడు. సరిగ్గా అప్పుడే తలుపు తోసుకొని అక్క వచ్చింది. ఆళ్లగడ్డ బస్సు దిగి నేరుగా వచ్చినట్టుంది, చేతిలో బట్టల సంచి, మొహం ఎండకు కమిలిపోయి ఉంది. “చిన్నాయనా, నీ ఎదురుగానే చెప్తాండా. నేనింక ఆళ్లగడ్డకు పోను” అంది. కిటికీ దగ్గరికి పోయి అద్దం ముందు నిలబడి ఆయన్ను పిలిచింది. ఆయన మర తిప్పుతూనే ఉన్నాడు. రెండోసారి పిలిచింది. మూడోసారి ఆమె గొంతు విరిగింది. ఆయన తల ఎత్తలేదు. అక్క నా వైపు తిరిగి, “నువ్వు పిలువు. నువ్వు పిలిస్తే పలుకుతాడు కదా” అంది.

నేను ఒట్టు వేసింది చెప్పనని. వినిపించనని వేయలేదు. మాట్లాడే మైకు తీగను మిక్సరులోంచి పీకి, సుడి పెట్టెలో గుచ్చి, దాన్ని ఆయన హెడ్‌ఫోన్లకు కలిపి, గట్టిదనం చివరిదాకా పెంచాను. మైకు అక్క చేతిలో పెట్టి, “దీంట్లో చెప్పు. ఇంట్లో ఏం చెప్తావో అదే చెప్పు” అన్నాను. అక్కకు ఒళ్లు మండిపోతూ ఉంది, మైకును నోటి దగ్గర పెట్టుకొని ఒక్కసారిగా అందుకుంది. “ఏమయ్యా! నేను మనిషిననుకుంటాండావా, రాయిననుకుంటాండావా? రాయినైనా గడియకొకసారి తట్టి చూస్తావే!”

బావ చేతిలో మర కింద పడింది. తల ఎత్తాడు. కిటికీ వైపు కాదు, పైకి, పెంకుల వైపు చూశాడు, అక్కడి నుంచి వచ్చిందనుకున్నట్టు. తరువాత మెల్లగా అద్దం వైపు తిరిగాడు. పెద్ద డ్రమ్ము ముందున్న మైకులోంచి ఆయన గొంతు వచ్చింది. “ఇంకోసారి అను.”

“ఎగతాళా?” అంది అక్క.

“కాదు మే. ఇంకోసారి అను. నీ గొంతు విని ఆర్నెల్లయింది.”

చిన్నాయన స్టూలు మీద కూలబడ్డాడు. అక్క నా వైపు చూసింది. నేను నా చెవి తాకి చెయ్యి తిప్పాను, అంతే. నోటితో ఏం చెప్పలేదు. అక్క మొహంలో కోపం కొద్దికొద్దిగా దిగిపోవడం నేను చూశాను. దానిచోట ఏడుపు వస్తుందనుకున్నాను, రాలేదు. కొంగుతో మొహం గట్టిగా తుడుచుకొని, మైకును రెండు చేతులా పట్టుకొని, పద్దు చదివినట్టు మొదలుపెట్టింది. “రోలు నున్నగైపోయింది, గంట్లు పెట్టమని చెప్పినా. ఊరందరికీ దేవుళ్లను చెక్కుతావు, మన రోలుకు దిక్కు లేదు.”

“రేపే పెడతా.”

“మీ నాయనకు దగ్గు తగ్గలే, మందు తెమ్మని చెప్పినా.”

“పోయేటప్పుడు తీసుకుంటా.”

“పెద్దదాని పలక పగిలింది.”

“తెస్తా.”

నేను వేగం నాబు మీద వేళ్లు పెట్టుకొని, డ్రమ్ములకు తిప్పినట్టే సన్నగా తిప్పుతూ ఉన్నాను. ఎక్కడో ఒక మలుపులో ఆమె గొంతు ఆయనకు దొరుకుతుంది, ఆ మలుపు జారిపోకూడదు. అక్క గొంతు గదిలో తిరుగుతోంది, బొంతల మీద నుంచి పెంకుల దాకా లేస్తోంది. కోసుకుపోయే ఆ గొంతు అంత అందంగా ఉంటుందని నాకెప్పుడూ తెలియదు. ఆమె అడుగుతోంది, ఆయన జవాబు చెబుతున్నాడు. ఆర్నెల్లుగా గోడకు చెప్పినట్టు చెప్పినవన్నీ వరసగా వస్తున్నాయి. కారే పెంకు, కోడలిని దెప్పే అత్త, ఈనిన మేక. “పసుపు చీర కట్టుకొని ఎట్లుండానని అడిగినా. తల ఊపి పోయినావు” అంది. “బాగుంటివి. చూసినా. చెప్పుంటే బాగుండు” అన్నాడు బావ. చిన్నాయన కండువాతో కళ్లు ఒత్తుకుంటూ గోడ గడియారం చూశాడు. రెండు కావస్తోంది. గబగబా లేచి చెప్పులు కూడా వేసుకోకుండా మిల్లుకు పోయాడు. ఇంకో అరగంట మర ఆపమని ఆ మేస్త్రీ గడ్డం పట్టుకొని బతిమాలాడట. ఎవరి కచేరీ అని వాళ్లు అడిగితే, “మా ఇంటిదే” అన్నాడట.

చివరికి అక్క సంచి వైపు చూసుకొని, గొంతు తగ్గించి, “పుట్టింటికి పోతాండానని కూడా చెప్పినా” అంది.

“ఎప్పుడు చెప్పినావు?”

“నిన్న రాత్రి. నువ్వు అటు తిరిగి పండుకోనుంటివి.”

“వినపళ్లేదు మే” అన్నాడు బావ. “పోవద్దు.”

ఆ సాయంత్రం బస్సుకు ఇద్దరూ కలిసి ఆళ్లగడ్డకు పోయారు. క్యాసెట్టును చిన్నాయన వేరే డ్రమ్మరుతో మళ్లీ తీయించాడు, శుభ్రంగా ఉంది, ఒక్కటీ వెనక్కి రాలేదు, ఒక్క పాటా నాకు గుర్తులేదు. కర్నూలులో చెవుల డాక్టరుకు చూపిస్తే, పెట్టె మహిమ ఏమీ కాదమ్మా, హెడ్‌ఫోనులో గట్టిగా పెట్టారు గనక వినిపించింది అన్నాడు. అయ్యుండవచ్చు. ఆ మధ్యాహ్నం ఆ డాక్టరు మా గదిలో లేడు. బావ డ్రమ్ములు మానేసి ఉలి మాత్రం మానలేదు. చెవులు పూర్తిగా పోవడానికి ఇంకో తొమ్మిదేళ్లు పట్టింది. ఒక్కొక్క చప్పుడూ వరసలో పోయింది. సన్నవాటి వెనక లావువి పోయాయి, చివరికి నా మగరాయుడి గొంతు కూడా పోయింది. అక్క గొంతు తగ్గించి మాట్లాడటం నేర్చుకుంది, చెవి పక్కకు వంగి మాట్లాడటం నేర్చుకుంది, అదీ పనికిరానప్పుడు అరచేతిలో వేలితో రాయడం నేర్చుకుంది. కాలం దేన్నైనా తీసుకుపోతుంది, కాదనను. మా బావ చెవులను తీసుకుపోవడానికి మాత్రం దానికి తొమ్మిదేళ్లు పట్టింది, ఆ తొమ్మిదేళ్లలో మా అక్క ఒక్క పూట కూడా మాట్లాడకుండా ఊరుకోలేదు.